సాక్షియా? వందిమాగధుడా?

48, 64, 108, 200. కాశిబుగ్గ కూడలినుండి వరంగల్లు బస్సు స్టాండు వరకు నడచిపోవు వారికి ఈ యంకెలు సెల్‌ఫోను దుకాణముల గాజు తలుపులపైనను, గోడ ప్రకటనలపైనను అడుగడుగునకు కన్పట్టును. ఎనుమాముల మార్కెట్టులో నాటి పత్తి ధరను తెలుపు అంకెలవలెనే ఇవియు దారిన పోవువారిని నిలువబెట్టును. ఇవి ఫోనులోని కెమెరా బలమును చెప్పు మెగాపిక్సెళ్లట. ఒక మెగాపిక్సెలనగా పది లక్షల చుక్కలు. చుక్కలెంత హెచ్చిన చిత్రమంత మేలని వర్తకుడు చెప్పును; కొనువాడు తల యూపును; పత్తి అమ్మిన సొమ్ములోనుండి పదునైదు వేలో ఇరువది వేలో లెక్కపెట్టి యిచ్చి పోవును. ఆ యంకె యేమి చెప్పుచున్నదో, ఏమి చెప్పక దాచుచున్నదో అడిగినవారు మాత్రము అరుదు.

ఇది సంపాదకీయమునకు తగిన విషయమా యని మన పాఠకులలో కొందరు శంకింపవచ్చును. పెండ్లి ఫోటోలును, బతుకమ్మ ఫోటోలును తీసికొను ఆటవస్తువును గూర్చి ఇంత చర్చ యెందుకని వారి యాక్షేపణ. పదునైదేండ్ల క్రిందట ఆ మాట చెల్లియుండును. నేడు చెల్లదు. వాన దెబ్బ తిన్న చేనును అధికారికి చూపవలెనన్న ఫోను చిత్రమే. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను వరంగల్లు కాలనీలలో వరదనీరు ఇండ్లలోనికి వచ్చినప్పుడు, నీరు ఏ గుమ్మము వరకు వచ్చినదో చెప్పినది ఫోను చిత్రమే. భూమి తగవులో హద్దురాయి యున్న చోటు, ప్రమాదములో బండి పడియున్న తీరు, దెబ్బలాటలో తగిలిన గాయము, ఇవన్నియు ఇప్పుడు న్యాయస్థానమునకు చేరుచున్నవి ఈ చిన్న కంటి ద్వారముననే. కావున ఆ కన్ను ఎట్టిదో, దానిని ఎవరు ఏ యుద్దేశ్యముతో తీర్చి దిద్దుచున్నారో తెలిసికొనుట పౌరుని పని.

ఛాయాచిత్రమునకు మన దేశభాగమున పాత చరిత్రయే కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు హనుమకొండ వేయిస్తంభముల గుడిని పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములలోనే చిత్రించెను. ఆయన 1905 లో గతించెను. ఆ చిత్రములు నేటికిని నిలిచియున్నవి. గాజు పలకపై వెలుతురు పడి, అచ్చట మందు మారి, ఆ మార్పు నిలిచిపోయెడిది. పలకను దాచియుంచిన, ఎన్నేండ్లకైనను తీసి చూడవచ్చును. తరువాత ఫిల్ములు వచ్చినవి. మన వీథులలోని ఫోటో స్టూడియో యజమానులు పెన్సిలు పట్టి నెగెటివుపైన మొటిమలను చెరిపిన మాట యథార్థమే; పెండ్లికూతురి చెంపలను నునుపు చేసిన మాటయు యథార్థమే. అయినను నెగెటివనునది ఒకటి యుండెడిది. దిద్దుబాటు ఎచ్చట జరిగినదో ఎరిగినవాడు దానిని వెలుతురునకు పట్టి చూచి చెప్పగలిగెడివాడు. ఈ నెగెటివు మాటను పాఠకులు మనసున నుంచుకొందురుగాక. మేము మరల దానికడకే రావలసియున్నది.

ఫోనులో కెమెరా చేరుట 2000 సంవత్సరమున జరిగినది. ఆ యేట కొరియాలో సామ్సంగు, జపానులో షార్పు ఇట్టి ఫోనులను విక్రయమునకు దెచ్చినవి. షార్పు వారి దానిలో చుక్కలు 1,10,000 మాత్రమే. అనగా నేటి దుకాణపు లెక్కలో పదియవ వంతు మెగాపిక్సెలు. 2002 లో నోకియా 7650 వచ్చినప్పుడు అవి మూడు లక్షలైనవి. 2007 లో నోకియా ఎన్ 95 నకు 5 మెగాపిక్సెళ్లును, జర్మను దేశపు జైస్ సంస్థ కటకమును అమరినవి. అదే యేట వెలువడిన మొదటి ఐఫోనులో కెమెరా 2 మెగాపిక్సెళ్లది. దానికి దృష్టిని తానుగా కుదుర్చుకొను శక్తియు లేదు, కదలు బొమ్మ తీయు శక్తియు లేదు. అయినను ముందునకు పోయినది ఐఫోనే. కెమెరా యొక్కటియే ఫోను జాతకమును నిర్ణయింపదనుట కిది మొదటి దృష్టాంతము.

ఇచ్చట ఒక్క సంగతి విశదముగా చెప్పక తప్పదు. వాకిట వాన కురియుచున్నదనుకొందము. ఆ వాకిటి నిండ పండ్రెండు గంగాళములు పెట్టవచ్చును, లేదా నలుబది యెనిమిది చెంబులు పెట్టవచ్చును. వాకిలి పెరుగదు; కురియు వానయు పెరుగదు. చెంబుల సంఖ్య చెప్పి మా యింట నీరు నాలుగింతలని చాటువానిని చూచి మన ఊరి రైతు నవ్వును. ఫోనులో వాకిలి వంటిది సెన్సరు. కటకము గుండ వచ్చిన వెలుతురు పడునది దానిపైననే. చెంబులు పిక్సెళ్లు. పట్టపగలు కుండపోతగా వెలుతురు కురియునప్పుడు చిన్న చెంబులును నిండును, సూక్ష్మమైన వివరములును దక్కును. సంజవేళ, ఇంటి లోపల, తుంపర వంటి వెలుతురులో చిన్న చెంబు అడుగు తడియుటయే కష్టము. అప్పుడు చిత్రమున ఇసుక చల్లినట్లు మచ్చలు వచ్చును. కావున అడుగవలసిన మొదటి ప్రశ్న వాకిలి యెంత యని. ఆ లెక్క ప్రకటనలయందు పెద్ద అక్షరములలో ఏనాడును ఉండదు.

ఈ సత్యము తయారీదారులు ఎరుగనిది కాదు. 2012 లో నోకియా 808 అను ఫోనున 41 మెగాపిక్సెళ్లు పెట్టినప్పుడు, ఆ సంస్థ నాటి ఫోనులలో దేనికిని లేనంత పెద్ద సెన్సరును గూడ పెట్టినది. అనేక చుక్కలను కలిపి ఒకటిగా జేసి 5 మెగాపిక్సెళ్ల నికరమైన చిత్రము నిచ్చినది. మరుసటి సంవత్సరము హెచ్‌టీసీ సంస్థ అందరికి ఎదురు నడచి, 4 మెగాపిక్సెళ్లే చాలు, చుక్క పెద్దదైన చాలునని వాదించినది. వాదము శాస్త్రసమ్మతమే. కాని యంగడిలో 4 అను అంకె 13 ముందర నిలువలేకపోయినది. నోకియా ఫోనుల వ్యాపారమే మఱి కొలదికాలమునకు చేతులు మారెను. మేలైన సరకు చేసినవాడే గెలుచునని నమ్మువారు ఈ రెండు ఉదాహరణములను చదువుకొందురుగాక.

మన దేశమున అంకెల పందెము ముమ్మరమైనది 2019 లో. ఆ ఫిబ్రవరిలో షావోమి సంస్థ రెడ్మీ నోట్ 7 ప్రో యను ఫోనును 13,999 రూపాయలకు తెచ్చి అందులో సోనీ వారి 48 మెగాపిక్సెళ్ల సెన్సరు నమర్చినది. సెప్టెంబరునకు రియల్‌మీ వారు 15,999 రూపాయలకు 64 తెచ్చిరి. 2021 మార్చిలో షావోమి వారే 18,999 రూపాయలకు 108 తెచ్చిరి. రెండేండ్లలో అంకె రెండింతలు దాటినది! దీనితో బాటు వెనుకవైపు రెండు కన్నులున్నచోట మూడు, మూడున్నచోట నాలుగు మొలిచినవి. అందు రెండు మెగాపిక్సెళ్ల చిన్న కన్నులు కొన్ని అలంకారమునకు దప్ప మరి దేనికిని పనికిరానివి. ఎడ్లబండికి అదనముగా రెండు చక్రములు గీసి చూపినట్లుండెను.

2023 లో సామ్సంగు వారి ఎస్ 23 అల్ట్రా 200 మెగాపిక్సెళ్లతో వచ్చెను. లక్ష రూపాయలకు మించిన ఆ ఫోనును కొని, అమరికలేవియు మార్చక మీట నొక్కినవానికి దక్కు చిత్రమెంతటిదో పాఠకు లెరుగుదురా? 12 మెగాపిక్సెళ్లది! పదునారు చుక్కలను ఒకటిగా కలిపి ఫోనే అట్లు చేయును. 108 వాడు తొమ్మిదిని కలుపును. 48 వాడు నాలుగింటిని కలుపును. అందరును వచ్చి చేరునది ఇంచుమించు పండ్రెండు కడకే. ఇందు మోసము లేదు. తక్కువ వెలుతురున అదియే సరియైన పద్ధతి. చుక్కలను కలిపి పెద్దది చేయుటకు మంచి కారణమున్నది. కలిపిన పిమ్మట మిగులునది చెప్పకుండ కలుపక ముందున్న సంఖ్యను గోడకెక్కించుటయే వ్యాపారపు టెత్తు.

అంకెలకు విసిగిన కొనుగోలుదారుల కొఱకు వేరొక ఆకర్షణ వచ్చినది. 2016 లో హువావే వారు లైకా పేరు చెక్కించుకొనిరి. 2021 లో వన్‌ప్లస్ వారు హాసెల్‌బ్లాడ్ పేరును, 2022 లో షావోమి వారు లైకా పేరును తగిలించుకొనిరి. వివో వారికి జైస్ దొరకెను. చైనా సరకుపై జర్మను ముద్రయు స్వీడను ముద్రయు! రంగుల కూర్పులో ఆ సంస్థల పాలు కొంత యుండవచ్చును. కాని పూర్వము మాంచెస్టరు ముద్రను చూచి తాను కొన్న మన పెద్దల కథ విన్నవారమగుట, ముద్రను చూచి సరకును కొను నలవాటు మనలో ఇంకను పోలేదుగదా యని నవ్వుకొనక తప్పదు.

ఇంతవరకు చెప్పినది కొనువాని జేబునకు సంబంధించిన సంగతి. ఇంతకంటె బరువైనది వేరొకటి కలదు. సెన్సరు పరిమాణము ఫోను మందమునకు లోబడియుండవలెను; కటకమునకు జాగా లేదు; వాకిలి పెంచుటకు వీలు తక్కువ. అప్పుడు తయారీదారులు వానను నమ్ముట మాని లెక్కను నమ్ముకొనిరి. గూగులు సంస్థ ఇందు త్రోవ తీసినది. మీట నొక్కినప్పుడు ఒక్క చిత్రము గాక వరుసగా పెక్కు చిత్రములు తీసి, వానిని ఒకదానిపై నొకటి పేర్చి, మచ్చలను తుడిచి, చీకటి నెత్తి, వెలుతురు నణచి ఒక్క చిత్రముగా కూర్చు పద్ధతిని ఆ సంస్థ తన ఫోనులలో అభివృద్ధి చేసెను. 2018 నవంబరులో చీకటి చిత్రముల కొఱకు ప్రత్యేకమైన అమరిక నిచ్చెను. మరుసటి యేట ఆపిలు అట్టిదే తెచ్చెను. నేడు పదివేల రూపాయల ఫోనులో గూడ ఇట్టిదేదో యొకటి యున్నది. పండ్రెండు మెగాపిక్సెళ్లతోనే గూగులు ఫోను, నాలుగింతల అంకెలు గలవానిని ఓడించినది ఈ విద్యతోనే.

విద్య గొప్పది. మేము కాదనుట లేదు. కాని దాని ఫలితమును ఒక్కసారి మన వీథిలో నిలువబెట్టి చూడుడు. కాశిబుగ్గలో ఒకానొక సందున వీథిదీపములు నెలరోజులనుండి వెలుగుటలేదనుకొందము. ఆ చీకటిలో ఒక వృద్ధుడు తెరచియున్న మురుగు కాలువలో పడెననుకొందము. సందులోని యువకుడు తన ఫోను దీసి చీకటిని చిత్రించి నగరపాలక సంస్థకు ఫిర్యాదు పంపును. చిత్రమున ఏమి కన్పట్టును? ఆకాశము నీలముగా, గోడలు స్పష్టముగా, కాలువ అంచు వెన్నెలలోవలె తెల్లగా కన్పట్టును. అవతలి వకీలు దానిని చూపి, ఇంత వెలుగున్న చోట కాలువ కనబడలేదనుట నమ్మదగినదా యని యడుగును. ఫిర్యాదుదారు సత్యమే చెప్పుచున్నాడు. అతని చిత్రము మాత్రము అతనికి ఎదురు తిరిగి సాక్ష్యమిచ్చుచున్నది. రాత్రిపూట జరిగిన మోటారు ప్రమాదములందు డ్రైవరునకు ఎంత దూరము కనబడినదను ప్రశ్న వచ్చినప్పుడు ఈ చిక్కు ఎంత బలమైనదో న్యాయవాదులకు వేరుగ చెప్పనక్కరలేదు.

చీకటిని తొలగించుటతో ఆగిన బాగుండును. లేని వస్తువును గూర్చుటకు గూడ ఫోనులు నేర్చినవి. 2019 లో హువావే చంద్రుని చిత్రములపై వివాదము చెలరేగినది. 2023 మార్చిలో సామ్సంగు ఫోనును ఒకరు పరీక్షించిరి: చంద్రుని చిత్రమునొకదానిని బుద్ధిపూర్వకముగా మసకజేసి కంప్యూటరు తెరపై నుంచి, గది చీకటి చేసి, దూరమునుండి ఫోనుతో తీసిరి. ఆ తెరపై లేని గుంటలును మచ్చలును ఫోను తీసిన చిత్రమున ప్రత్యక్షమైనవి! తమ ఫోను చంద్రుని గుర్తించి వివరములను మెఱుగుపెట్టునని ఆ సంస్థ పిమ్మట వివరించినది. 2025 లో గూగులు తన పిక్సెల్ 10 ప్రో ఫోనులో మిక్కిలి దూరపు వస్తువుల చిత్రములను, వివరములను తానుగా సృజించు కృత్రిమ మేధ సహాయమున పూరించు పద్ధతిని బహిరంగముగానే ప్రవేశపెట్టినది. చంద్రుడు కోర్టుకు రాడు గనుక పరవాలేదు. దూరమున పోవుచున్న లారీ నంబరు పలక వచ్చును. దానిలో మసకబారిన అంకె 3 యా 8 యా యని వివాదమైనచో, అంకెను చూచి చెప్పినవాడెవడు, ఊహించి చెప్పినవాడెవడు?

ముఖముల సంగతి ఇంకను నొప్పి కలిగించునది. రంగుల ఫిల్ము నాడు కొడాకు సంస్థ రంగులు సరిచూచుకొనుటకు పంపిన నమూనా పటములపై నున్నది తెల్లజాతి స్త్రీ చిత్రము. ఆమె మేనిచాయ సరిగా వచ్చిన అన్నియు సరియైనవని లెక్క. నల్లనివారి ముఖములు ఆ ఫిల్ముపై బొగ్గువలె వచ్చెడివి. చాకొలెట్ల వర్తకులును, కొయ్య సామానుల వర్తకులును తమ సరకు వన్నె సరిగా వచ్చుట లేదని మొఱపెట్టిన పిదప గోధుమ, నలుపు వన్నెలపై దృష్టి నిలిపిరని ఆ సంస్థలో పనిచేసినవారే చెప్పిరి. మనుష్యుల మొఱ చాలలేదు, కొయ్య మొఱ చాలినది! 2021 లో గూగులు పిక్సెల్ 6 నాటికి నల్లని చాయలను యథాతథముగా చూపుటకు ప్రత్యేకముగా పాటుపడుచున్నామని ప్రకటించెను. ఆ పని అప్పటికి జరుగవలసియుండెననుటయే అంతకు ముందరి స్థితిని చెప్పుచున్నది.

మనకు వచ్చిన బాధ మరొక రూపమున వచ్చెను. 2016 ప్రాంతమునుండి ఒప్పో, వివో సంస్థలు స్వీయచిత్రములనే తమ ప్రకటనలకు పల్లవిగా జేసికొని మన పట్టణములలోని ప్రతి దుకాణమును ఆకుపచ్చ, నీలి బోర్డులతో నింపినవి. ఆ ఫోనులలో ముఖమును సుందరముగా జేయు అమరిక యొకటి యుండెను. అది తరచుగా కొనువాడు కోరకముందే పనిచేయుచుండెడిది. అది చేయునదేమి? చర్మమును నునుపు చేయును, గడ్డమును సన్నగిలజేయును, చాయను తెల్లబరచును. పొలములో ఎండకు నల్లబడిన చామనచాయ పిల్ల తన ముఖమును ఫోనులో చూచుకొని, అద్దములోని ముఖమే తప్పని తలపోయునట్లు చేయుచున్నది. వందిమాగధులు రాజునకు చెప్పెడి పొగడ్త ఆస్థానమునకే పరిమితమై యుండెడిది. ఈ వంది ప్రతి జేబులో నుండి, దినమునకు పదిమారులు, నీవు తెల్లగా నుండవలసినదానవని చెప్పుచున్నాడు. ఇది అందముకాదు, అవమానము. తెల్లదొరలు వెళ్లిన ఇన్నేండ్లకు మన చాయను మనకే మార్చి చూపు యంత్రమునకు మనమే సొమ్ము చెల్లించుచున్నాము.

ఇక న్యాయశాస్త్రపు మాట. 1872 నాటి సాక్ష్యచట్టము పోయి 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. ఫోను చిత్రమువంటి ఎలక్ట్రానిక్ దాఖలాలకు అందు 63వ సెక్షను. పాత చట్టములోని 65-బి క్రింద కావలసిన ధ్రువపత్రమును గూర్చి సుప్రీంకోర్టు 2014 లోను, మరల 2020 లోను నిష్కర్షగా తీర్పు చెప్పియుండెను. క్రొత్త చట్టము ఆ ధ్రువపత్రమును రెండు భాగములు చేసి, ఒకటి దాఖలు చేయువాడును, ఒకటి నిపుణుడును సంతకము చేయవలెనన్నది. ఫైలునకు వేలిముద్రవంటి హాష్ సంఖ్యను అందు వ్రాయవలెను. ఫైలులో ఒక్క చుక్క మారినను ఆ సంఖ్య మారిపోవును. చక్కని కట్టుదిట్టమే. కాని పాఠకులు గమనింతురుగాక: ఆ సంఖ్య రుజువు చేయునది ఫైలు పుట్టిన పిమ్మట ఎవరును దానిని ముట్టలేదని మాత్రమే. ఫోను తానుగా చేయు మార్పు జరుగునది ఫైలు పుట్టక పూర్వము! చీకటిని పగలు చేసినది, ముఖమును తెల్లజేసినది, అంకెను ఊహించినది అంతయు మీట నొక్కుటకును ఫైలు నిలుచుటకును నడుమ నున్న ఒకటి రెండు క్షణములలోనే. కాబట్టి కల్తీ యైన చిత్రమునకు గూడ కల్తీలేని వేలిముద్ర దొరకును. వెన్నలో కలిపినది డబ్బాకు సీలు వేయకముందు కలిపినచో సీలు చూచి ఏమి తెలియును?

దీనికి తోడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షను సోదాలను, జప్తులను శబ్దముతోగూడ చిత్రించి యుంచవలెనని విధించుచు, అందులకు మొబైలు ఫోను మేలని పేరుపెట్టి చెప్పినది. ఇంట సోదా జరుగునప్పుడు పోలీసులు తెచ్చిపెట్టినది కాదని, నిజముగా దొరకినదని పౌరునకు రక్షణగా నుండుటకై ఈ నియమము. మేము దీనిని హృదయపూర్వకముగా ఆమోదించుచున్నాము. అయితే ఏ ఫోను? అందే యమరికలు? చీకటి గదిలోని మూల ఆ చిత్రమున ఎట్లు కన్పట్టవలెను? శాసనము పౌరుని స్వేచ్ఛకు ఫోను కంటిని కాపుగా నియమించినప్పుడు ఆ కంటికి ఒక ప్రమాణము నిర్ణయింపవలదా? కిరాణాకొట్టు తక్కెడకు తూనికల శాఖ ముద్ర వేయు దేశమిది.

ఈ విషయమున తెలుగునాట మనకు సంబంధము లేదనుట కుదరదు. 2009 లో హైదరాబాదున పుట్టిన సెల్కాన్ సంస్థ 2015 లో మేడ్చలులో ఫోనుల కర్మాగారము తెరచినది. తెలుగువారి పేరుతో ఫోను వచ్చినదని నాడు సంతసించితిమి. చైనా వరద ముందు ఆ సంతోషము నిలువలేదు. అదే 2015 ఆగస్టులో షావోమి వారి మొదటి భారతదేశపు తయారీ ఫోను, 8 మెగాపిక్సెళ్ల కెమెరా గల రెడ్మీ 2 ప్రైమ్, నాటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారమునుండి వెలువడి విశాఖపట్టణమున లోకమునకు చూపబడినది. 2022 జూన్‌లో తిరుపతి దగ్గర ఫోను కెమెరాలనే తయారుచేయు సన్నీ ఆపోటెక్ వారి పరిశ్రమ ఆరంభమైనది. 2019 లో వన్‌ప్లస్ సంస్థ హైదరాబాదున పరిశోధనాలయము తెరచి అందు కెమెరాలకు ప్రత్యేకముగా ఒక ప్రయోగశాల పెట్టినది. ఒప్పో వారికిని హైదరాబాదున పరిశోధనాలయము కలదు. కటకమును బిగించు చేతులు మన ఆడపడుచులవి. రంగుల లెక్కలు వేయు బుద్ధిలోను మన యువకుల పాలున్నది. సెన్సరు మాత్రము మనది కాదు. ప్రపంచమున అధికభాగము సోనీ, సామ్సంగు సంస్థలనుండియే వచ్చుచున్నది. ఆపిలు వారు గూడ పదియేండ్లకు పైగా సోనీ సెన్సరులనే వాడుచున్నామని 2022 లో ఒప్పుకొనిరి. అది రేపటికి రేపు మనచే నగునది కాదు, అగునని ప్రగల్భములు పలుకుటయు మాకిష్టము లేదు. కాని సెన్సరుపై పడిన వెలుతురును ఏ రంగుగా చూపవలెనను నిర్ణయము హైదరాబాదులోని బల్లలమీద గూడ జరుగుచున్నది. అచ్చట కూర్చున్న వరంగల్లు యువకుడు తన తల్లి చాయ తెరపై సరిగా వచ్చినదా యని ఒకసారి చూచిన చాలును. అందులకు ఏ దేశపు అనుమతియు అక్కరలేదు.

మేము కోరునది స్వల్పము. నెగెటివును మరల మాకిండు. ఫోను తన తెలివినంతయు వినియోగించి చిత్రమును ఎంత సుందరముగా నైన చేయవచ్చును. కాని సెన్సరు చూచినదానిని మార్పులేక ఒక ప్రతి వేరుగా నిలుపవలెను, ఏ మార్పు చేసినదో చిత్రముతోనే వ్రాసియుంచవలెను. ఇది అసాధ్యమని తయారీదారులు చెప్పజాలరు. ఖరీదైన ఫోనులలో మార్పుచేయని ముడిచిత్రమును నిలుపు సదుపాయము ఎన్నడో వచ్చినది. ఆండ్రాయిడులో దానికి 2014 లోనే త్రోవ యేర్పడినది. చిత్రము పుట్టుక వివరములను ముద్రవేసి దానితో జోడించు పద్ధతిని గూగులు 2025 నాటి పిక్సెల్ 10 లో తాను తీయు ప్రతి చిత్రమునకు పెట్టినది. లక్ష రూపాయల ఫోనునకు వచ్చినది పదునైదు వేల ఫోనునకు ఏల రాకూడదు? సత్యము సంపన్నుల సొత్తు కాజాలదు. సుందరీకరణము కోరినవారికి మాత్రమే దొరకవలెను గాని పెట్టె తెరచినంతనే పనిచేయుచుండరాదు. పోలీసులు సోదాలకు వాడు ఫోనులలో ఏ యమరికలుండవలెనో ప్రభుత్వము వ్రాతమూలకముగా ప్రకటింపవలెను. ఆ ప్రకటన తెలుగున వెలువడవలెను. ధ్రువపత్రములో, హాష్ సంఖ్య ప్రక్కనే, చిత్రము ఏ యమరికలో తీయబడినదను ప్రశ్నకు ఒక గడి చేర్చుట కెంత కాగితము కావలెను?

శాసనములు వచ్చువరకు కొనువారు చేతులు ముడిచికొని యుండనక్కరలేదు. దుకాణమునకు పోయినవారు గోడపై నంకెను వదలి, సెన్సరు పరిమాణమెంతయని అడుగుడు. వర్తకునకు తెలియకున్న తెలిసికొని చెప్పుమనుడు. దుకాణపు దీపముల క్రింద గాక, మెట్లక్రింది చీకటి మూలలో ఒక చిత్రమును, బయట ఎండలో ఒక చిత్రమును తీసి చూడుడు. తెల్లని గోడను గాక నల్లని ముఖమును తీయుడు. వరదనీరో, విరిగిన గోడో, వెలుగని దీపమో, ఒంటిపై గాయమో చిత్రింపవలసి వచ్చినవారు ముందుగా రాత్రి అమరికను, ముఖమును దిద్దు అమరికను తీసివేయుడు; చీకటిని చీకటిగానే రానిండు. ప్రక్కన ఒక స్కేలో, రూపాయి బిళ్లయో పెట్టుడు. ఆ చిత్రమును వాట్సాపున పంపి అసలును చెరిపివేయకుడు. పంపినది కుదించిన నకలు మాత్రమే, తీసిన తేదీయు స్థలమును సాధారణముగా దానిలో మిగులవు. అసలు ప్రతి ఫోనులోనే యుండవలెను, ఫోను అమ్మకముందు వేరొక చోట భద్రపరుపవలెను. తగవు తెగువరకు ఆ ఫోనును మార్పిడికి ఇయ్యకుడు. దసరాకు మార్పిడి ధర ఎంత హెచ్చుగా చెప్పినను సరియే.